సౌండ్ ఆపండి, కరెంటు మాత్రం ఐదు నిమిషాలు ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

ముహూర్తాలు మొదలయ్యాయంటే నెల్లూరు, కావలి, ఒంగోలు కంప్యూటర్ షాపులకు ఒకే రకం కేసు వరసగా వస్తుంది. "హార్డ్‌డిస్క్ కరప్ట్ అయిందన్నా, పాటలన్నీ పోయినయి" అంటారు డీజే కుర్రాళ్ళు. చాలాసార్లు పోయింది పాటలు కాదు, పాటల జాబితా. ఏ పాట ఎక్కడుంది, దాని బీట్ ఎంత, ఎక్కడ ఎత్తుకోవాలి, సంగీత్‌కు ఏ వరస, మెరవణికి ఏ వరస అని ఏళ్ళతరబడి పెట్టుకున్న గుర్తులన్నీ ఒకటి రెండు ఫైళ్ళలో ఉంటాయి. అవి చెడితే డిస్కులో పదివేల పాటలున్నా సాఫ్ట్‌వేర్ ఖాళీగా తెరుచుకుంటుంది. చాలాచోట్ల దీనికి దొరికే వైద్యం ఫార్మాట్ కొట్టడం. దాంతో మిగిలినవి కూడా పోతాయి.

సౌండ్ పని, కంప్యూటర్ రిపేరు పని తెలిసినవాళ్ళం కొందరం కలిసి రాస్తున్న ఉత్తరమిది. పెళ్ళిళ్ళలో డీజే ఉండాలా వద్దా అన్న వాదనలోకి మేము పోవడం లేదు. పెట్టుకున్నాక అది మధ్యలో ఆగకుండా ఉండాలంటే ఏం చేయాలన్నదే మా విషయం. ఈ చెడిపోవడం ఎక్కువగా పాటలు నడుస్తున్నప్పుడు కాకుండా కార్యక్రమం అయిపోయి సామాను సర్దే హడావుడిలో జరుగుతుంది. అందుకే ఇది డీజేలకే కాదు, మండపాల వాళ్ళకూ జనరేటర్ల వాళ్ళకూ కూడా సంబంధించిన సంగతి.

ముందు జాబితా ఎక్కడుంటుందో తెలియాలి. వర్చువల్ డీజే అనే డీజే సాఫ్ట్‌వేర్ తన జాబితాను ల్యాప్‌టాప్‌లో ఒకటి, పాటలున్న ప్రతి బయటి డ్రైవ్‌లో ఒకటి పెట్టుకుంటుంది. డ్రైవ్ తెరవగానే వర్చువల్ డీజే పేరుతో కనపడే ఫోల్డర్‌లో ఉండే ఎక్స్‌ఎంఎల్ ఫైలు అదే. సెరాటో అనే సాఫ్ట్‌వేర్ కూడా ప్రతి డ్రైవ్‌లో రెండు పక్కలా అండర్‌స్కోర్ ఉన్న సెరాటో ఫోల్డర్ చేసుకుని క్రేట్లు అనే పాటల గుంపులన్నీ అందులో ఉంచుతుంది. అయితే క్యూ పాయింట్లు (పాట ఎత్తుకునే గుర్తులు), లూపులు (తిప్పి తిప్పి వేసే ముక్కలు) పాట ఫైలు ట్యాగులోనే, అంటే ఫైలులో వివరాలుండే చోటే రాస్తుంది కాబట్టి జాబితా పోయినా అవి మిగులుతాయి. రికార్డ్‌బాక్స్ అనే మరో డీజే సాఫ్ట్‌వేర్ ఆరో వెర్షన్ నుంచి మాస్టర్ డీబీ అనే ఫైలు వాడుతోంది. అది మామూలుగా ల్యాప్‌టాప్ లోపలే ఉంటుంది, కావాలంటే సెట్టింగుల్లో బయటి డ్రైవ్‌కు మార్చుకోవచ్చు. ల్యాప్‌టాప్ లేకుండా పెన్‌డ్రైవ్‌లోంచే పాటలు వేసే సీడీజే ప్లేయర్ల కోసం పెన్‌డ్రైవ్‌కు ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు పయనీర్ అనే ఫోల్డర్‌లో దానికి వేరే జాబితా తయారవుతుంది. డ్రైవ్‌లో చోటు చాలలేదని, ఇవేవో తెలియని ఫోల్డర్లని డిలీట్ చేసే తమ్ముళ్ళు ఉన్నారు. వాళ్ళ చేతికి డ్రైవ్ ఇవ్వకుండా ఉంటే సగం గొడవ తగ్గుతుంది.

ఈ ఫైళ్ళు ఎలా చెడతాయో చెప్పుకుందాం. పాట వేసిన ప్రతిసారీ ఎన్నిసార్లు వేశారు, ఎప్పుడు వేశారు అన్నది జాబితాలో మారుతుంది. ఈ మార్పులు వెంటవెంటనే డిస్కు మీదికి పోవు. కొన్ని మెమరీలో ఉంటాయి, కొన్ని ప్రోగ్రామ్ మూసేటప్పుడు రాయబడతాయి. రికార్డ్‌బాక్స్ వాడే ఎస్క్యూలైట్ రకం డేటాబేస్‌లో కొత్త మార్పులు ముందు పక్కనే ఉండే వాల్ అనే తోడు ఫైలులో చేరి, తర్వాత అసలు ఫైలులో కలుస్తాయి. ఆ కలిసే వేళ డ్రైవ్ లాగేస్తే రెండూ పొంతన తప్పుతాయి. ప్రోగ్రామ్ తెరిచి ఉండగానే బ్యాకప్ అని అసలు ఫైలు ఒక్కటే కాపీ చేసుకుంటే తోడు ఫైలులో ఉన్న మార్పులు కాపీలోకి రావు, ఒక్కోసారి ఆ కాపీ తెరుచుకోదు కూడా. ఎక్స్‌ఎంఎల్ ఫైలు సంగతి ఇంకా సున్నితం. సగం రాసి ఆగితే చివర ముగింపు గుర్తు ఉండదు, ముందున్న వేల పాటల వివరాలు బాగానే ఉన్నా ఫైలు మొత్తం చెల్లకుండా పోతుంది.

దీనికి తోడు డ్రైవ్ ఫార్మాట్, అంటే డ్రైవ్‌లో ఫైళ్ళను సర్దిపెట్టే పద్ధతి. కొత్త డ్రైవ్‌లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ రాయవచ్చు కాబట్టి సౌకర్యమే. కానీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఉన్నట్టు దానికి జర్నల్ ఉండదు. అంటే ఏ పని మొదలుపెట్టి ఎక్కడ ఆగిందో రాసి ఉంచుకునే పద్ధతి లేదు. మధ్యలో ఊడితే ఫైలు పేరు ఒకచోట, దాని ముక్కలు ఎక్కడున్నాయన్న లెక్క ఇంకోచోట మిగిలిపోతాయి. జాబితానే కాదు, ఫోల్డర్‌కు ఫోల్డరే మాయమవుతుంది.

అందుకని మా సలహా ఇది. విండోస్ ల్యాప్‌టాప్ ఒక్కదానితోనే పనిచేసేవాళ్ళు పాటల డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెట్టుకోండి. మ్యాక్ దాన్ని చదువుతుంది గాని రాయదు, కాబట్టి రెండూ వాడేవాళ్ళకు ఎక్స్‌ఫ్యాట్ తప్పదు, వాళ్ళు రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి. సీడీజే ప్లేయర్లకు పెట్టే పెన్‌డ్రైవ్ మాత్రం వేరే ఉంచి ఫ్యాట్32లో, ఎంబీఆర్ అనే పాత రకం పార్టిషన్‌తో చేయండి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను ఆ ప్లేయర్లు చదవవు. ఎక్స్‌ఫ్యాట్‌ను సీడీజే 3000 చదువుతుంది, పాత 2000 నెక్సస్2 చదవదు. మండపంలో ఏది దొరుకుతుందో ముందు తెలియదు గదా. విండోస్ ఫార్మాట్ కిటికీలో 32 జీబీ దాటిన పెన్‌డ్రైవ్‌లకు ఫ్యాట్32 కనపడకపోతే దానికి విడిగా చిన్న సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఈ పెన్‌డ్రైవ్‌ను పోయినా ఫర్వాలేదన్నట్టే చూడండి. అసలు జాబితా ల్యాప్‌టాప్‌లో ఉంటే మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ప్లేయర్లు కూడా హిస్టరీని అదే పెన్‌డ్రైవ్ మీద రాస్తుంటాయి, కనుక యూఎస్‌బీ స్టాప్ బటన్ నొక్కి పట్టి, లైటు ఆరాకే తీయాలి.

ఇక సర్దే వేళ. ముందు రికార్డింగ్ ఆపాలి. కార్యక్రమం రికార్డు చేసుకునే అలవాటుంటే దాన్ని పాటల డ్రైవ్ మీదికి కాకుండా ల్యాప్‌టాప్ లోపలికే చేసుకోండి. తర్వాత సాఫ్ట్‌వేర్‌ను మెనూలోంచి మూసి, కిటికీ పూర్తిగా పోయేదాకా ఆగండి. అప్పుడు టాస్క్‌బార్ మూల గుర్తు మీద నొక్కి డ్రైవ్‌ను ఎజెక్ట్ చేయండి. "డివైస్ వాడుకలో ఉంది" అని వస్తే పాటల ఫోల్డర్ ఎక్కడో తెరిచి ఉందని గాని, సాఫ్ట్‌వేర్ తాలూకు చిన్న ప్రోగ్రామ్ వెనకాల నడుస్తోందని గాని అర్థం. రికార్డ్‌బాక్స్‌కు అలాంటి ఏజెంట్ ఒకటి ఉంది. దాన్ని వెతికే ఓపిక లేకపోతే షిఫ్ట్ నొక్కి పట్టి షట్‌డౌన్ ఇవ్వండి, పూర్తిగా ఆరిపోయాక తీయండి. షిఫ్ట్ ఎందుకంటే, మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది.

మూత మూసి సంచిలో పెట్టేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. ల్యాప్‌టాప్ నిద్రపోతుంది, సాఫ్ట్‌వేర్ తెరిచే ఉంటుంది, డేటాబేస్ తెరిచే ఉంటుంది. దారిలో ఎవరో కేబుల్ లాగుతారు. మర్నాడు మూత తెరిస్తే డ్రైవ్ లేదు, ప్రోగ్రామ్ మాత్రం ఉందనుకుని రాయబోతుంది.

విండోస్ 10లో 2018 చివర వచ్చిన 1809 వెర్షన్ నుంచి బయటి డ్రైవ్‌లకు క్విక్ రిమూవల్ అనే పద్ధతి మామూలు అయింది, ఎజెక్ట్ అక్కర్లేదని కొందరంటారు. అది విండోస్ తన దగ్గర దాచుకునే రాతల సంగతి మాత్రమే. డీజే సాఫ్ట్‌వేర్ తన చేతిలో పట్టుకున్న ఫైలుకు దానితో సంబంధం లేదు. పైగా వేగం కోసం ఎవరైనా బెటర్ పెర్ఫార్మెన్స్‌కు మార్చి ఉంటే ఆ రక్షణ కూడా లేదు. డివైస్ మేనేజర్‌లో డిస్క్ డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిచి, పాలసీస్ అనే చోట చూసుకోవచ్చు.

కరెంటు విషయం విడిగా చెప్పాలి, మన జిల్లాల్లో ఎక్కువ డ్రైవ్‌లను తినేది ఇదే. చాలామంది దగ్గరున్న ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీ చచ్చి ఉంటుంది, చార్జర్ మీదే నడుస్తుంటాయి. లైను కరెంటు పోయి జనరేటర్ ఎక్కే ఆ కొద్ది సెకన్ల సందులో ల్యాప్‌టాప్ ఠక్కున ఆరిపోతుంది, డేటాబేస్ తెరిచి ఉండగానే. కొత్త టాప్ స్పీకర్లు కొనేముందు ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ వేయించండి. వేయించలేకపోతే 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టి ల్యాప్‌టాప్, మిక్సర్ వరకు దాని మీద ఉంచండి, యాంప్లిఫయర్లను దాని జోలికి రానివ్వకండి.

యూఎస్‌బీ పోర్టుకు కూడా హద్దుంది. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 ఇచ్చేది 900. చిన్న హార్డ్‌డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు దాదాపు ఒక ఆంపియర్ లాగగలదు. అదే హబ్ మీద కంట్రోలర్, లైటు, ఫోన్ చార్జింగ్ అన్నీ పెడితే వోల్టేజీ కుంగి డ్రైవ్ ఒక్క క్షణం ఊడి మళ్ళీ తగులుకుంటుంది. పాట ఆగకపోవచ్చు, కొద్ది సెకన్ల పాట మెమరీలో ఉంటుంది కాబట్టి. రాతలు మాత్రం తెగుతాయి. డ్రైవ్‌ను ల్యాప్‌టాప్ పోర్టుకే నేరుగా, పొట్టి కేబుల్‌తో పెట్టండి. పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపేయండి, లేకపోతే విండోస్ తానే పోర్టును నిద్రపుచ్చుతుంది.

తిరిగే హార్డ్‌డిస్క్‌ను బేస్ బాక్సు మీద పెట్టడం ఇంకో ముచ్చట. వినాయక నిమజ్జనం నాడు ట్రాక్టర్ ట్రక్కులో ఇది మామూలే. స్పీకర్ అయస్కాంతం వల్ల డిస్కు చెడుతుందని ఒక నమ్మకం ఉంది గాని, డిస్కు లోపలే అంతకంటే దగ్గర్లో బలమైన అయస్కాంతాలు ఉంటాయి. చెరిచేది అదురు. 2018లో మిచిగన్, జెజియాంగ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు శబ్దంతోనే హార్డ్‌డిస్క్ రాయకుండా ఆపవచ్చనీ, దాంతో ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుందనీ ప్రయోగాలు చేసి చూపారు. ఒక పాప్ పాట మోగితే పాత ల్యాప్‌టాప్‌ల 5400 ఆర్‌పీఎం డిస్కులు ఆగిపోయేవని మైక్రోసాఫ్ట్ ఇంజినీరు ఒకరు 2022లో రాశారు, ఆ పాటలోని ఒక స్వరం డిస్కు సహజ కంపనంతో కలిసిందట. మన బేస్ ముందు అదెంత! ఎస్‌ఎస్‌డీకి తిరిగే భాగాలు లేవు కాబట్టి ఈ బాధ లేదు. 320 కేబీపీఎస్ పాట ఐదు నిమిషాలుంటే 12 ఎంబీ, పదివేల పాటలకు 120 జీబీ. 500 జీబీ ఎస్‌ఎస్‌డీ హాయిగా సరిపోతుంది. మరీ చవగ్గా అమ్మే 2 టీబీ పెన్‌డ్రైవ్‌ల జోలికి పోవద్దు. అవి లోపల చిన్నవి, పెద్దవిగా చూపిస్తాయి. నిండాక కొత్త పాట పాత పాట మీద రాసుకుంటూ పోతుంది, కాపీ అయినట్టే కనపడుతుంది. కొన్న రోజే హెచ్‌2 టెస్ట్ డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి చూడండి, మ్యాక్ వాళ్ళకు ఎఫ్3 ఉంది.

డ్రైవ్ బాగానే ఉండి పాటలన్నిటికీ ఎర్ర గుర్తు వస్తే అది కరప్ట్ కాకపోవచ్చు. నిన్న 'E' అక్షరంతో ఉన్న డ్రైవ్ ఇవాళ 'F' అయి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం పాటలను పాత అక్షరం కిందే వెతుకుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి ఎం లాంటి దూరపు అక్షరం ఒకటి శాశ్వతంగా కేటాయిస్తే ఆ గొడవ ఉండదు. తెలుగు లిపిలో ఫైలు పేర్లు పెట్టుకునేవాళ్ళకు ఇంకో చిక్కుంది. ఐత్వం, అంటే "మై", "పై"లలోని గుర్తు, కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్ సంకేతాల్లో ఒక సంకేతంగా గాని రెండు సంకేతాలుగా గాని ఉండవచ్చు. మ్యాక్‌లోని పాత డ్రైవ్ ఫార్మాట్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ దాన్ని రెండుగా విడదీసి ఉంచుతుంది. అక్కడ జిప్ చేసి విండోస్‌కు తెస్తే కంటికి పేరు ఒకటే, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం వేరే ఫైలు. రెండు రకాల కంప్యూటర్లు వాడేవాళ్ళు ఫైలు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచి, తెలుగును ట్యాగుల్లో రాసుకుంటే మేలు.

విండోస్ 11లో డాక్యుమెంట్స్ ఫోల్డర్ మనకు తెలియకుండానే వన్‌డ్రైవ్ అనే నెట్ నిల్వలోకి పోయి ఉండవచ్చు. జాబితా అక్కడుంటే, ఒకపక్క సాఫ్ట్‌వేర్ రాస్తుంటే ఇంకోపక్క వన్‌డ్రైవ్ దాన్ని పైకి పంపుతుంటుంది. పాటలు కూడా అందులోనే ఉంటే చోటు కోసం వాటిని నెట్‌లోనే ఉంచి ఇక్కడ పేరు మాత్రం చూపవచ్చు. సిగ్నల్ లేని ఊళ్ళో పెళ్ళి జరిగితే అప్పుడు తెలుస్తుంది. అలాగే "ఈ పాట వేయన్నా" అని పెళ్ళివాళ్ళిచ్చే పెన్‌డ్రైవ్‌ను పాటల ల్యాప్‌టాప్‌కు పెట్టకండి. ఫోల్డర్లన్నీ దాచి షార్ట్‌కట్లు చేసే వైరస్‌లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పాటను ఫోన్‌లోంచి మిక్సర్‌కు లైన్ పెట్టి వేయండి.

బ్యాకప్ అంటే అందరూ తల ఊపుతారు. రెండో డ్రైవ్ కొని అదే సంచిలో, అదే బండిలో తిప్పితే అది బ్యాకప్ కిందికి రాదు, ఒకటి ఇంట్లో ఉండాలి. వారానికోసారి సాఫ్ట్‌వేర్ మూసి ఉన్నప్పుడు జాబితా ఫోల్డర్ మొత్తాన్ని తేదీ పేరుతో కాపీ చేయండి. రికార్డ్‌బాక్స్‌లో ఫైల్ మెనూలోని లైబ్రరీ కింద బ్యాకప్ లైబ్రరీ ఉంది, వర్చువల్ డీజేలోనూ డేటాబేస్ బ్యాకప్ ఉంది. పాటల కాపీకి మిర్రర్ పద్ధతి వాడేవాళ్ళు ఒక్కటి గమనించాలి. మిర్రర్ అంటే ఇక్కడ లేనిది అక్కడా తీసేస్తుంది. అసలు డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చెడి మాయమైన రోజున మిర్రర్ నడిపితే మంచి కాపీలో ఉన్నది కూడా పోతుంది. ఫ్రీఫైల్‌సింక్ లాంటి వాటిలో తీసేసిన ఫైళ్ళను విడి ఫోల్డర్‌లో దాచే వర్షనింగ్ ఉంది, దాన్ని పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు ముహూర్తాల మధ్యలో వేయకండి. ఆషాఢంలోనో మూఢంలోనో బ్యాకప్ తీసి, అప్పుడు వేయండి. ఆ బ్యాకప్‌ను వేరే ల్యాప్‌టాప్‌లో ఒకసారి తెరిచి కూడా చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో ఎవరికి తెలుసు?

ఇన్ని చేసినా ఒకరోజు ఖాళీగా తెరుచుకుంటే ముందు ఏమీ చేయకండి. పాటలన్నీ మళ్ళీ లాగి పడేయకండి, పదేపదే తెరిచి మూయకండి. రికార్డ్‌బాక్స్ తన ఫోల్డర్‌లో మాస్టర్ బ్యాకప్ పేరుతో మూడు పాత ప్రతులు ఉంచుకుంటుంది, మీరు తెరిచి మూసిన కొద్దీ చెడ్డ ప్రతులు వాటి చోట్లో చేరే ప్రమాదం ఉంది. ఫోల్డర్ మొత్తం వేరేచోట కాపీ పెట్టి, ఆ తర్వాత పాత ప్రతితో ప్రయత్నించండి. డ్రైవ్ పెట్టగానే "ఫార్మాట్ చేయాలా" అని అడిగితే క్యాన్సిల్ కొట్టండి. "స్కాన్ అండ్ ఫిక్స్" అన్నా తొందరపడకండి. అప్పుడు నడిచే చెక్‌డిస్క్ అనే విండోస్ రిపేరు ప్రోగ్రామ్ పొంతన కుదర్చడానికి అనాథ ముక్కలను ఫౌండ్ అనే ఫోల్డర్‌లో సీహెచ్‌కే ఫైళ్ళుగా పడేస్తుంది, పాట పేర్లు ఉండవు. చదవగలిగినవన్నీ ఇంకో డిస్కుకు తీసుకున్నాకే దాన్ని నడపాలి. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో పెండింగ్ సెక్టార్లు, రీఅలోకేటెడ్ సెక్టార్లు (డిస్కులో చెడుతున్న, చెడిన చోట్ల లెక్క) పెరుగుతూ కనపడితే ఆ హార్డ్‌డిస్క్ పని అయిపోయింది, ఫార్మాట్ చేసి మళ్ళీ వాడొద్దు. షాపుల సోదరులకు మా విన్నపం కూడా ఇదే. ఫార్మాట్‌కు ముందు ఆ జాబితా ఫోల్డర్లు ఉన్నాయేమో చూసి, కాపీ తీసి ఇవ్వండి.

చివరిగా మండపాల వాళ్ళకు, ఉత్సవ కమిటీలకు, పోలీసు వారికి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మామూలుగా వాడకూడదు. అది పాటించాల్సిందే, పదయ్యాక ఒక్క పాటకు కూడా మేము అడగడం లేదు. పది కొట్టగానే జనరేటర్ ఆపించడం, మెయిన్ దించడం మాత్రం వద్దు. సౌండ్ ఆపాలంటే యాంప్లిఫయర్ల స్విచ్ దించితే చాలు, నిశ్శబ్దం అప్పుడే వస్తుంది. ల్యాప్‌టాప్ సాకెట్‌కు ఇంకో ఐదు నిమిషాలు కరెంటు ఉంటే సాఫ్ట్‌వేర్ మూసి, డ్రైవ్ ఎజెక్ట్ చేసి, ల్యాప్‌టాప్ ఆపుకోవచ్చు. డీజేకు సాకెట్ ఇచ్చేటప్పుడే యాంప్లిఫయర్ల లైను, ల్యాప్‌టాప్ లైను వేరువేరు బ్రేకర్ల మీద ఇవ్వండి. బుకింగ్ కాగితంలో 9.50కి చివరి పాట అని రాసుకోండి.

ఇట్లు,
సౌండ్ ఆపరేటర్లు, కంప్యూటర్ మెకానిక్‌లు కొందరు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా